అరెస్టయిన మనిషి పక్కన

హక్కుల కార్యకర్తను పోలీసులు తీసుకెళ్లారని వీధిలో తెలిసిన గంటలోపే రెండు మాటలు బయల్దేరతాయి. ఒకటి, నిప్పు లేనిదే పొగ రాదు కదా అని. రెండోది, మనకెందుకొచ్చిన గొడవ అని. మొదటి మాట ఆ మనిషిని అనుమానంలోకి నెడుతుంది. రెండోది మనల్ని గుమ్మం లోపలికి లాగుతుంది. సాయంత్రానికి ఆ ఇంటి ముందు ఒక్క చెప్పుల జత కూడా కనిపించదు. నిన్నటిదాకా టీకి వచ్చినవాళ్లు ఫోన్ ఎత్తరు. ఆ ఇంటి పిల్లతో ఆడుకునే పిల్లల్ని వాళ్ల అమ్మలు లోపలికి పిలుస్తారు.

అరెస్టు చేసేది ఒక్కరినే. భయపడాల్సింది మాత్రం ఆ ఒక్కరే కాదు. రేపు పోడు భూముల సభకు వెళ్దామనుకున్నవాళ్లు, లాకప్ మరణం మీద నిజనిర్ధారణకు బయల్దేరినవాళ్లు, ఒక విజ్ఞప్తి మీద సంతకం పెట్టినవాళ్లు ఆగిపోవాలి. రాజ్యం శాంతియుతంగా మాట్లాడేవారి మీద చేయి చేసుకున్నప్పుడల్లా దాని చూపు ఆ మనిషి చుట్టూ ఉన్న యాభై మంది మీద ఉంటుంది. ఈ అధ్యాయం ఆ యాభై మంది కోసం. భార్య, భర్త, అన్నదమ్ములు, పక్కింటివాళ్లు, ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లు, పాత విద్యార్థులు. మీరు ఉద్యమకారులు కానక్కర్లేదు. అరెస్టయిన మనిషి అభిప్రాయాలతో ఏకీభవించనూ అక్కర్లేదు.

నేను చెప్పదలచింది ఒకటే. మనిషి పక్కన నిలబడటం కొందరికే పుట్టుకతో వచ్చే గుణం కాదు. అది నేర్చుకోగల పని. ఏ గంటలో ఏం చేయాలో తెలిసినవారికి భయం పోదు గానీ, చేతులు కట్టేసినట్టు మాత్రం ఉండదు.

ఈ నేల మీద జరిగినవి

తెలుగువాళ్లకు ఈ పాఠం పుస్తకాల్లోంచి రాలేదు. 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో పిల్లల డాక్టరు రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. అంతకుముందు రోజు నక్సలైట్లు చంపిన ఒక ఎస్సై అంతిమయాత్ర సాగుతుండగా, అందులోంచి వచ్చిన పోలీసులు ఆ పని చేశారు. రామనాథం అప్పుడు ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. ఆ ఏడే అదే సంఘానికి చెందిన కె. బాలగోపాల్ మీద ఉగ్రవాద నిరోధక చట్టం టాడా కింద కేసు పెట్టి జైల్లో ఉంచారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన మనిషి ఆయన. 1989లో ప్రజాబంధు అనే పేరు పెట్టుకున్న ముఠా ఆయన్ను ఎత్తుకెళ్లింది. 2000 నవంబరులో హైదరాబాదులో పురుషోత్తంను, 2001 ఫిబ్రవరిలో నల్గొండలో ఆజం అలీని హత్య చేశారు. ఇద్దరూ పౌరహక్కుల సంఘం నాయకులే.

ఇంత జరిగినా ఆ సంఘం పని ఆగలేదు. అందుకు ఒక కారణాన్ని ఈ అధ్యాయంలో పదేపదే గుర్తుచేస్తాను. వాళ్లు రాసుకునేవారు. ఏ ఊరు, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎవరు చూశారు, ఏ జీపులో తీసుకెళ్లారు, ఏ స్టేషన్ పేరు చెప్పారు. కోపంతో ఊగిపోవాల్సిన చోట కూడా బాలగోపాల్ ముందు నోటుబుక్కు తెరిచేవారు. 1975లో గిరాయిపల్లిలో ఎదురుకాల్పుల పేరుతో చంపిన యువకుల సంగతి 1977లో పౌరుల తరఫున నిజనిర్ధారణ జరిపిన తార్కుండే కమిటీ ముందుకు, తర్వాత ప్రభుత్వం వేసిన భార్గవ కమిషన్ ముందుకు వచ్చిందంటే, కె.జి. కన్నబిరాన్ లాంటి న్యాయవాదులు ఆ సాక్ష్యాలను ఒక్కొక్కటిగా పేర్చి అడిగినందువల్లే.

బాలగోపాల్ గురించి ఇంకొకటి చెప్పాలి. నక్సలైట్ల హింసను కూడా హక్కుల సంఘం ప్రశ్నించాలన్న పట్టుదలతో ఆయన పాత సంఘం నుంచి బయటికొచ్చారు. 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. నక్సలైట్ల పద్ధతులతో ఆయనకు విభేదం ఉంది. అయినా వాళ్లను చట్టం దాటి చంపడానికి వీల్లేదని కోర్టులో వాదించారు. ‘వాళ్ల పక్షాన మాట్లాడితే మనమూ వాళ్లమే అవుతామేమో’ అని జంకేవారికి ఆయన జీవితమే సమాధానం. మనిషి ఆలోచనను ఒప్పుకోవడం ఒక సంగతి. ఆ మనిషికి వకీలు ఉండాలి, మందులు అందాలి, విచారణ జరగాలి అనడం వేరే సంగతి. రెండోదానికి మొదటిది షరతు కాదు.

ఇప్పుడు తూటా కన్నా కాగితం ఎక్కువ పనిచేస్తోంది. ములుగు జిల్లా తాడ్వాయి పోలీసులు 2022 ఆగస్టులో ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం కింద ఒక ఎఫ్ఐఆర్ రాశారు. అందులో 152 మంది పేర్లున్నాయని, ప్రొఫెసర్ హరగోపాల్ పేరు కూడా ఉందని జనానికి తెలిసింది 2023 జూన్‌లో. బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి హోస్బెట్ సురేష్ పేరు కూడా ఆ జాబితాలో ఉంది. ఆయన 2020లోనే చనిపోయారు. గొడవయ్యాక హరగోపాల్ మీద కేసు ఎత్తేయమని ముఖ్యమంత్రి ఆదేశించారు. పేరున్న మనిషి కాబట్టి అంత త్వరగా కదిలింది. అదే జాబితాలో ఉండి పత్రికలకు పేరు కూడా తెలియనివాళ్ల సంగతి ఆలోచించండి. వాళ్లకు కావాల్సింది మనలాంటివాళ్లే.

2018 నుంచి 2020 వరకు దేశంలో ఉపా కింద 4,690 మందిని అరెస్టు చేశారు. ఆ మూడేళ్లలో శిక్ష పడింది 149 మందికి. ఈ చట్టంలో బెయిలు దాదాపు దొరకదు. ఆరోపణ పైపైన చూస్తే నిజమనిపించినా చాలు, బెయిలు ఇవ్వకూడదని 43డి(5) సెక్షన్ చెబుతోంది. చార్జిషీటు వేయడానికి మామూలు కేసుల్లో 60 లేదా 90 రోజులైతే, ఇక్కడ 180 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. నేరం రుజువయ్యేలోపు ఏళ్లు జైల్లో గడుస్తాయి. కాబట్టి ఈ దారిలో నడిచేవారి పక్కన ఉండాలనుకునేవారు ఒక రాత్రికీ సిద్ధపడాలి, పదేళ్లకూ సిద్ధపడాలి. ఆ రెండింటికి కావాల్సిన నేర్పులు వేరు.

మొదటి రాత్రి

తలుపు తట్టిన చప్పుడుకు లేచినప్పుడు ముందు చేయాల్సింది గడియారం చూడటం. ఆ సమయం తర్వాత కోర్టులో పనికొస్తుంది. వచ్చినవాళ్లు ఎవరు, ఏ స్టేషన్, పేరు పట్టీ ఉందా, మఫ్టీలో ఉన్నారా, బండి నంబరు ఏంటి. మర్యాదగా అడగండి. అరవొద్దు, అడ్డుపడొద్దు. తోపులాట జరిగిందంటే విధులకు ఆటంకం కలిగించారని ఇంకో కేసు పెట్టే అవకాశం మనమే ఇచ్చినట్టు. స్వరం తగ్గించి ప్రశ్నలు మాత్రం ఆపకుండా ఉండగలగడం, నా దృష్టిలో, ఈ పుస్తకంలో చెప్పిన నేర్పులన్నింటిలో కష్టమైనది. అద్దం ముందు కాదు, ఇంట్లోవాళ్లతో కూర్చుని ఒకసారి మాట్లాడుకుంటే వస్తుంది. ఎవరు మాట్లాడాలి, ఎవరు రాయాలి, ఎవరు పిల్లల దగ్గర ఉండాలి, ఎవరు వకీలుకు ఫోన్ చేయాలి అని ముందే అనుకున్న ఇల్లు ఆ రాత్రి చెల్లాచెదురు కాదు.

చట్టం మీ వైపు కొంత ఉంది. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. అరెస్టు చేస్తే మెమో రాయాలి, దాని మీద ఇంటి మనిషో ఆ ప్రాంతంలో గౌరవనీయులో సాక్షి సంతకం చేయాలి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి. ఎక్కడ ఉంచుతున్నారో బంధువుకో స్నేహితుడికో వెంటనే తెలపాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ప్రశ్నించేటప్పుడు మొత్తం సమయం కాకపోయినా మధ్యలో వకీలును కలిసే హక్కు ఉంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయడానికి రాజ్యాంగంలోని 20(3) అధికరణం ఒప్పుకోదు. మహిళలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు, ప్రత్యేక పరిస్థితి ఉండి మేజిస్ట్రేటు అనుమతి తీసుకుంటే తప్ప అరెస్టు చేయకూడదు. ఈ రక్షణల్లో చాలావాటికి మూలం డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు. కస్టడీలో చనిపోయినవారి కుటుంబాల కన్నీళ్లు ఆ ఆదేశాల వెనక ఉన్నాయి. వాటిని వాడుకోకుండా వదిలేయకండి.

వీటిలో అన్నింటికన్నా గట్టిగా పట్టుకోవాల్సింది అరెస్టు కారణాలు రాసిన కాగితం. 2023 అక్టోబరు 3న ఢిల్లీలో న్యూస్‌క్లిక్ సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థను ఉపా కింద అరెస్టు చేశారు. మర్నాడు తెల్లవారుజామునే, ఆయన వకీలుకు సరిగ్గా చెప్పకుండా రిమాండు తీసుకున్నారు. కారణాలు రాసి ఇవ్వలేదు. 2024 మే 15న సుప్రీంకోర్టు ఆ అరెస్టు, ఆ రిమాండు చెల్లవని తీర్పిచ్చి ఆయన్ను విడుదల చేయమంది. ఏ నేరమైనా సరే, అరెస్టు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని 2025 నవంబరులో మళ్లీ చెప్పింది. కాబట్టి తీసుకెళ్తున్నప్పుడే అడగండి: ‘కారణాలు రాసిన కాగితం ఇవ్వండి సార్.’ ఇవ్వకపోతే, అడిగామని, ఇవ్వలేదని, టైముతో సహా రాసుకుని వకీలుకు చెప్పండి. ఆ ఒక్క వాక్యం నెలల తర్వాత ఒక మనిషిని బయటికి తేగలదు.

వేరే రాష్ట్రం పోలీసులు వస్తే ఇంకో మెట్టు ఉంటుంది. మామూలుగా ముందు ఇక్కడి మేజిస్ట్రేటు దగ్గర ట్రాన్సిట్ రిమాండు తీసుకుని, తర్వాతే తీసుకెళ్తారు. 2018 ఆగస్టు 28న పుణె పోలీసులు హైదరాబాదులో కవి వరవరరావును అరెస్టు చేసిన రోజే ఢిల్లీలో హక్కుల కార్యకర్త గౌతమ్ నవ్‌లఖాను కూడా పట్టుకున్నారు. అక్కడి హైకోర్టు కాగితాలు తెప్పించి చూసింది. అవి మరాఠీలో ఉన్నాయి. మేజిస్ట్రేటుకు అర్థం కాని భాషలో ఉన్న కాగితాల మీద ఆయన బుర్ర పెట్టి ఎలా ఆలోచించి ఉంటారని అడిగి, అక్టోబరు 1న ఆ రిమాండును కొట్టేసింది. వకీలు మొదటి కోర్టుకే చేరుకోవాలి. అందుకే వకీలు నంబరు ఒకటి కాదు, రెండు ఉండాలి. ఫోన్‌లో ఉంటే చాలదు, ఫోన్‌నే ముందు తీసుకుంటారు. కాగితం మీద రాసి, మీ ఇంట్లో ఒకటి, ఇంకొకరి ఇంట్లో ఒకటి పెట్టండి. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి న్యాయసేవాధికార సంస్థ ఉంది. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఆ సంస్థ ఫోన్ నంబరు 15100.

ఎక్కడికి తీసుకెళ్లారో ఎవరూ చెప్పకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. ఏ స్టేషన్‌లో ఎవరు అరెస్టయి ఉన్నారో చెప్పడానికి ప్రతి జిల్లాలో, ప్రతి స్టేషన్‌లో ఒక అధికారి ఉండాలని కొత్త సంహిత 37వ సెక్షన్ చెబుతోంది. అక్కడ అడగండి. జిల్లా ఎస్పీకి లేదా కమిషనర్‌కు, హైకోర్టు రిజిస్ట్రార్‌కు, మానవ హక్కుల కమిషన్‌కు ఈమెయిల్ పంపండి. నాలుగు వాక్యాలు చాలు: పేరు, వయసు, ఎన్ని గంటలకు, ఎవరు తీసుకెళ్లారు, ఇంకా ఏ సమాచారం లేదు. అయినా జాడ లేకపోతే వకీలు హైకోర్టులో హెబియస్ కార్పస్ వేస్తారు. మీరు పంపిన ఈమెయిల్ మీద ఉన్న సమయమే ఆ పిటిషన్‌కు వెన్నెముక అవుతుంది.

సభలకు, ధర్నాలకు ముందు రోజు జరిగే ముందస్తు అరెస్టుల గురించి ఎక్కువ చెప్పను. మన రెండు రాష్ట్రాల్లో ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా అవి మామూలైపోయాయి. నేరం జరగబోతోందని పోలీసులకు తెలిసి, అరెస్టు చేయకపోతే ఆపలేమనుకున్నప్పుడే ఆ అధికారం వాడాలి. అలా పట్టుకున్నవారిని వేరే చట్టం కింద అవసరమైతే తప్ప 24 గంటలు దాటి ఉంచకూడదు. ఇంటి గేటు ముందు కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టి ‘హౌస్ అరెస్టు’ అంటే, ఏ ఆదేశం మీద అని అడిగి, కాగితం లేదంటే లేదని రాసుకోండి. వీలైతే ఫొటో తీయండి.

సోదా, ఫోన్లు

సోదాను వీడియో తీయాలని కొత్త చట్టమే పోలీసులకు చెబుతోంది. తీస్తున్నారా అని అడగండి. పంచనామాలో ఏం రాశారో పూర్తిగా చదవకుండా సంతకం పెట్టొద్దు. ఖాళీ కాగితం మీద అసలే వద్దు. ‘కొన్ని పుస్తకాలు’ అని రాస్తే ఒప్పుకోకండి, ఒక్కో పుస్తకం పేరు రాయమనండి. ల్యాప్‌టాప్, ఫోన్, పెన్‌డ్రైవ్ తీసుకుంటే వాటిని అక్కడే సీలు చేయమని, అందులోని డేటాకు వేలిముద్ర లాంటి హ్యాష్ వాల్యూ అనే సంఖ్యను రాయమని అడగండి. ఆ తర్వాత అందులో ఏదైనా మారిస్తే ఆ సంఖ్య మారుతుంది, అబద్ధం బయటపడుతుంది. ఇది పనికిమాలిన జాగ్రత్త కాదు. వరవరరావు, నవ్‌లఖాలను పట్టుకున్న భీమా కోరేగావ్ కేసులోనే నిందితుడైన రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్, అందులోకి మాల్‌వేర్ ద్వారా ఎవరో ఉత్తరాలు చొప్పించారని 2021లో నివేదిక ఇచ్చింది. ఆ కేసులో 16 మందిని అరెస్టు చేశారు. పాస్‌వర్డ్ అడిగితే వకీలుతో మాట్లాడాక చెబుతామనండి.

ఏళ్ల తరబడి

మొదటి వారం అందరూ వస్తారు. పత్రికా ప్రకటనలు వస్తాయి. మూడో నెలకు పలచబడుతుంది. రెండో ఏడాదికి ఇంటి మనిషి, వకీలు, ఇద్దరు ముగ్గురు స్నేహితులు మిగులుతారు. అసలు పరీక్ష అక్కడుంది. నేను ఈ అధ్యాయం రాస్తున్నది ముఖ్యంగా ఆ రెండో ఏడాది కోసం.

అమలాపురం కుర్రాడు, ఢిల్లీ రాంలాల్ ఆనంద్ కాలేజీ ఇంగ్లిష్ అధ్యాపకుడు జి.ఎన్. సాయిబాబా కథ తెలుసుకుంటే ఈ కాలం ఎంత పొడుగో అర్థమవుతుంది. పోలియో వల్ల చిన్నప్పటి నుంచి నడవలేకపోయేవారు, చక్రాల కుర్చీలోనే తిరిగేవారు. ఆదివాసీ ప్రాంతాల్లో భద్రతా దళాలు సాగించిన ఆపరేషన్ గ్రీన్‌హంట్‌కు వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడారు. 2014 మే 9న అరెస్టు చేశారు. మధ్యలో కొంతకాలం బెయిలు మీద బయట ఉన్నారు. 2017 మార్చి 7న గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. నాగపూర్ సెంట్రల్ జైల్లో అండా సెల్ అనే ఒంటరి గదిలో ఉంచారు. 2020 ఆగస్టు 1న హైదరాబాదులో తల్లి చనిపోయారు. కడచూపుకు కూడా పెరోల్ ఇవ్వలేదు. 2021లో కాలేజీ ఉద్యోగంలోంచి తీసేసింది. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి నిర్దోషి అంది. మర్నాడు శనివారం. సెలవు రోజు సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును ఆపేసింది. మళ్లీ మొదటి నుంచి విన్నాక, 2024 మార్చి 5న అదే హైకోర్టు మళ్లీ నిర్దోషి అంది. రెండు రోజుల తర్వాత బయటికొచ్చారు. 2024 అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయారు. ఆయనతో పాటు శిక్షపడిన పాండు నరోటే అనే ఆదివాసీ యువకుడు నిర్దోషి అన్న మాట వినకుండానే 2022 ఆగస్టులో జైల్లో ఉండగా చనిపోయాడు.

పదేళ్ల ఈ కథలో భార్య వసంత, వకీళ్లు, కొద్దిమంది స్నేహితులు పట్టు వదలకుండా చేసిన పనుల్లో చాలావరకు ప్రసంగాలు కావు. దరఖాస్తులు. మందుల కోసం, ఉత్తరాల కోసం, ఆసుపత్రి కోసం, పెరోల్ కోసం. తిరస్కరించినప్పుడల్లా ఇంకొకటి. ఇందులోంచి మనం నేర్చుకోవాల్సిన పద్ధతి ఇది: కష్టాన్ని పనులుగా విడగొట్టి, పనులను మనుషులకు పంచాలి. ఇంటి మనిషి ఒక్కతే అన్నీ మోస్తే రెండేళ్లలో ఆవిడ ఆరోగ్యం పోతుంది.

ఐదారుగురు చాలు. ఒకరు కోర్టు వాయిదాలు చూసుకోవాలి. వాయిదా తేదీ రాసుకోవడం, వెళ్లడం, ఏం జరిగిందో ఆ సాయంత్రమే పది మందికి పంపడం. కోర్టు హాలు అందరిదీ. వెనక బెంచీలో కూర్చోవడానికి మామూలుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. గార్డుల మధ్య వచ్చిన మనిషికి ఆ హాల్లో ఒక తెలిసిన ముఖం కనిపించడం ఎంత బలమో ఆ అనుభవం ఉన్నవారిని అడగండి. ఇంకొకరు జైలు పని చూడాలి. ములాఖత్‌కు ఎవరి పేర్లు ఇచ్చారు, ఎన్ని రోజులకోసారి, ఏ గుర్తింపు కార్డు, క్యాంటీన్ ఖాతాలో డబ్బు ఎలా వేయాలి. ములాఖత్ కిటికీ దగ్గర గడిపే కొద్ది నిమిషాలకు ముందే చీటీ రాసుకుని వెళ్లండి. కేసు విషయం వకీలుకు వదిలేసి, ఇంటి సంగతులు చెప్పండి. అమ్మాయి లెక్కల మార్కులు, కాపుకొచ్చిన జామ చెట్టు, ఎవరి పెళ్లి కుదిరింది. లోపల ఉన్నవాళ్లకు ఆకలి ఈ మాటల మీదే.

ఆరోగ్యం పనిని డాక్టరో నర్సో అయిన స్నేహితులకు అప్పగించండి. తొలిరోజే రిమాండు సమయంలో మేజిస్ట్రేటు ముందు చెప్పాల్సినవి అవి: ఏ జబ్బు, ఏ మందు, ఏ పూట, ఏ పరికరం కావాలి. పాత చీటీల జెరాక్సులు వకీలు చేతిలో ఉండాలి. 2020 అక్టోబరు 8న రాంచీలో ఫాదర్ స్టాన్ స్వామిని అరెస్టు చేశారు. జార్ఖండ్ ఆదివాసీల కోసం దశాబ్దాలు పనిచేసిన జెసూట్ మతగురువు ఆయన. పార్కిన్సన్స్ వల్ల చేతులు వణికి గ్లాసు పట్టుకోలేకపోయేవారు. ఒక స్ట్రా, ఒక సిప్పర్ కోసం ఆయన కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. 2021 జూలై 5న, బెయిలు వినతి హైకోర్టులో ఉండగానే, ముంబయి ఆసుపత్రిలో చనిపోయారు. ఎనభైకి దగ్గరపడిన వరవరరావుకు 2020 జూలైలో తలోజా జైల్లో ఉండగా కోవిడ్ వచ్చింది. కుటుంబం, స్నేహితులు రోజూ అడిగారు, కాగితాలు పెట్టారు, పత్రికలకు చెప్పారు. 2021 ఫిబ్రవరి 22న ఆరోగ్యం మీద తాత్కాలిక బెయిలు, 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టులో శాశ్వత బెయిలు వచ్చాయి. అడగడం వల్ల అన్నిసార్లూ ప్రాణం నిలవదు. అడక్కపోతే నిలిచే అవకాశమే ఉండదు.

డబ్బు పనిని చాలా జాగ్రత్తగా చేయాలి. చందాలు చేతికి తీసుకోకండి. వకీలు ఫీజు వకీలు ఖాతాకు, బడి ఫీజు బడి ఖాతాకు, ఇంటి అద్దె ఇంటి యజమాని ఖాతాకు, నేరుగా ఎవరిది వారు పంపాలి. రసీదులన్నీ ఒక ఫైలులో ఉంచండి. ఉపా కేసుల్లో నిధుల సేకరణే ఒక ఆరోపణగా మారుతుంది. లెక్క తేటగా ఉంటే ఇచ్చినవారికీ భయం ఉండదు.

బెయిలు వచ్చిన రోజు చాలామంది ఆగిపోయేది జామీను దగ్గర. ఉత్తర్వు చేతిలో ఉంటుంది, ఇద్దరు జామీనుదారులు దొరకరు. అందుకే ఎవరు జామీనుగా ఉంటారో ముందే అడిగి పెట్టుకోండి. భూమి కాగితాలో, ఇంటి పన్ను రసీదో, జీతం స్లిప్పో, తహశీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెటో, మీ కోర్టు ఏది అడుగుతుందో వకీలు చెబుతారు. అవి నెల ముందే సిద్ధమైతే ఆ మనిషి వారం ముందే ఇంటికొస్తారు.

మీకు ఈ పనుల్లో ఏదీ చేతకాదనిపిస్తే, పిల్లల దగ్గరికి వెళ్లండి. ‘మీ నాన్న టీవీలో వచ్చాడట’ అని బడిలో ఎవరో అన్న రోజు ఆ పిల్ల ఎవరితో మాట్లాడాలి? టీచరును కలిసి విషయం ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ పిల్లను మీ పిల్లల పుట్టినరోజుకు ఎప్పటిలాగే పిలవండి. ఆ ఒక్క పిలుపుతో ‘ఈ ఇంటిని వెలివేశాం’ అన్న తీర్పు వీధిలో చెల్లకుండా పోతుంది.

మీ భయం సంగతి

ధైర్యం తెచ్చుకోండి అని చెప్పడం నాకిష్టం లేదు. భయానికి కారణం ఉంది. అరెస్టయినవారి ఇంటికి వెళ్లినవాళ్లను కూడా పిలిచి ప్రశ్నించిన సందర్భాలున్నాయి. వరవరరావు అరెస్టు రోజు ఆయన కూతుళ్ల ఇళ్లలోనూ సోదాలు జరిగాయి. కాబట్టి మీ భయాన్ని కాగితం మీద పెట్టండి. సరిగ్గా దేనికి భయం? ఉద్యోగం పోతుందనా, పాస్‌పోర్టు ఆగుతుందనా, ఇంట్లో పెద్దాయన గుండెకేమవుతుందనా? ఒక్కో దాని ఎదురుగా, అది జరిగే వీలుందా అని వకీలును అడిగి రాయండి. కోర్టుకు వెళ్లడం, ములాఖత్‌కు వెళ్లడం, జామీను ఇవ్వడం, ఉత్తరం రాయడం, అన్నం పెట్టడం నేరాలు కావు. ఈ పనుల మధ్య ఎక్కడ గీత గీసుకోవాలో మీరే తేల్చుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగి వీధిలో సభ పెట్టనక్కర్లేదు, పిల్లలకు ట్యూషన్ చెప్పొచ్చు. వీసా మీద అమెరికాలో ఉన్న పాత విద్యార్థి వకీలు కోసం పాత తీర్పులు వెతికి పంపొచ్చు. చేయగలిగినంతే ఒప్పుకోండి, ఒప్పుకున్నది మానకండి. నెలకొక ఉత్తరం రాస్తానన్నవారు ఐదేళ్లు రాస్తే, తొలి వారం ఉద్రేకంగా వచ్చి మాయమైన పది మందికన్నా ఎక్కువ మేలు చేసినట్టు.

పోలీసులు మిమ్మల్ని సాక్షిగా పిలిస్తే నోటీసు రాతలో అడగండి. మహిళలను, 60 దాటినవారిని, పదిహేనేళ్లలోపు పిల్లలను, వికలాంగులను వాళ్లు ఉండే చోటికే వచ్చి ప్రశ్నించాలి, స్టేషన్‌కు రమ్మనకూడదు. వెళ్లాల్సి వస్తే ఒంటరిగా వెళ్లకండి. తెలియనిది తెలియదనండి, ఊహించి చెప్పకండి. బయటికొచ్చాక ఏం అడిగారో, ఏం చెప్పారో అదే రోజు రాసి పెట్టుకోండి.

విడుదల తర్వాత

బయటికొచ్చిన మనిషి వెంటనే పాత మనిషి కాలేరు. ఏళ్లపాటు లైటు ఆర్పని గదిలో పడుకున్నవారికి చీకటిలో నిద్ర పట్టకపోవచ్చు. గుంపును చూస్తే ఊపిరాడనట్టు ఉండొచ్చు. సన్మాన సభలు నెల ఆగితే నష్టం లేదు. మొదటి వారంలో జరగాల్సింది పూర్తి వైద్య పరీక్ష. జైల్లో వాయిదా పడిన ఆపరేషన్లు, పాడైన పళ్లు, కంటి చూపు, గుండె, కిడ్నీలు అన్నీ చూపించాలి. సాయిబాబా బయట బతికింది ఏడు నెలలే. ఎవరి విషయంలోనూ ఒక్క వారం కూడా వృథా చేయకూడదని ఆ ఏడు నెలలు చెబుతున్నాయి.

బెయిలు షరతులను ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఏ రోజు స్టేషన్‌లో సంతకం, ఏ జిల్లా దాటకూడదు, ఎవరితో మాట్లాడకూడదు. ఒక్క సంతకం తప్పినా బెయిలు రద్దు చేయమని అడుగుతారు. సంతకానికి ప్రతిసారీ ఒకరు తోడు వెళ్లేలా వంతులు వేసుకోండి. షరతు వల్ల సొంత ఊరు వదిలి ఉండాల్సి వస్తే, వరవరరావు ముంబయిలో ఉండాల్సి వచ్చినట్టు, అక్కడి అద్దె, మందులు, భాష తెలిసిన ఒక పక్కింటి స్నేహం ముందే చూడండి. తీసుకెళ్లిన పుస్తకాలు, ల్యాప్‌టాప్, పిల్లల ఫొటోలున్న హార్డ్‌డిస్క్ తిరిగి ఇవ్వమని కోర్టులో దరఖాస్తు వేయించండి. పోయిన ఉద్యోగం కోసం రాయాల్సిన వినతిపత్రం ముసాయిదా మీరే రాసి తీసుకెళ్లండి, చదివి దిద్దడం విడుదలైన మనిషికి వదిలేయండి.